వట్టికాళ్ళ డ్రిల్లు టీచరు

మొన్న వీధి గేటు తీస్తుంటే తుప్పు పట్టిన రేకు అంచు చేతికి గీసుకుంది. పెద్ద గాయమేం కాదు. పసుపు అద్దుకుని ఊరుకుందామనుకున్నాను గాని మా కోడలు ఊరుకోలేదు. గవర్నర్‌పేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడి నర్సుకి పాతికేళ్ళు కూడా ఉండవు. సూది పొడిచి, దూది పెట్టి రుద్ది, "అయిపోయిందండీ మామ్మగారూ, ఇంక ధనుర్వాతం వస్తుందని భయం లేదు" అంది. పక్కింటికి కూర గిన్నె అందించినంత తేలిగ్గా అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"నొప్పెట్టిందాండీ?" అని కంగారు పడింది ఆ పిల్ల.

"లేదమ్మా. మా డ్రిల్లు టీచరుగారు గుర్తొచ్చారు" అన్నాను.

ఆ పిల్ల మా కోడలి మొహం చూసింది. మా కోడలు నా మొహం చూసింది. ఇరవయ్యేళ్ళుగా నాతో కలిసి ఉంటున్న మనిషికి కూడా నేనెప్పుడూ ఆవిడ సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చాక అడిగింది. చెబుదామని మొదలుపెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, రాసిస్తానులే అన్నాను.

ఆవిడ పేరు రాయను. మేమెవరమూ ఆవిణ్ణి పేరుతో పిలిచిన పాపాన పోలేదు. బడిలో డ్రిల్లు టీచరుగారు. బజార్లో మగవాళ్ళకి "ఆ పరిగెత్తే టీచరమ్మ". అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మా ఊరిని ఇంకా బెజవాడ అనేవాళ్ళం. నేను ఫోర్తు ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా నాన్నది బందరు వైపు నేతపని చేసే కుటుంబం. మగ్గం మీద కూర్చోలేక, గవర్నర్‌పేటలో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. ఇంట్లో నాన్న, అమ్మ, నేను, నాన్న తల్లి. ఆవిణ్ణి మామ్మ అనేదాన్ని.

టీచరుగారి వయసు ముప్పయి అయిదు దాటి ఉండదు. పొట్టి మనిషి. తెల్లటి ముతక చీర, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకునేవారు. మనిషిని చూస్తే ముందు పాదాలు చూసేవారు, తరవాత మోకాళ్ళు, మొహం ఆఖర్న. బడిలో చేరిన నెల రోజుల్లో మా పేర్లు ఆవిడకి రాలేదు గాని అందరి నడకలూ వచ్చేశాయి. వరండాలో ఎవరైనా వెనకనుంచి వెళ్తే తల తిప్పకుండా, "ఎవరది, మడమలు ఈడుస్తున్నారు?" అనేవారు. ఆ మడమలు ఎవరివో అందరికీ తెలిసిపోయేది.

ఆవిడ కూర్చోగా నేను చూసింది తక్కువ. తోటి టీచర్లు బల్ల చుట్టూ కూర్చుని కేరేజీలు విప్పుకుంటే, ఆవిడ వేరుశనగపప్పు, బెల్లంముక్క కొంగున కట్టుకుని, గ్రౌండు చుట్టూ నడుస్తూ తినేవారు. ఎదురొచ్చిన పిల్ల చేతిలో నాలుగు గింజలు పోసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. దేనికీ భయపడని మనిషికి కప్పలంటే మాత్రం చచ్చేంత భయం. ఒకసారి వానాకాలంలో లైను మధ్యలోకి కప్ప గెంతితే, ఆవిడ ఒక్క ఉరుకున వరండా ఎక్కేశారు. మేం నలభై మందిమీ పగలబడి నవ్వాం. "నవ్వండి, నవ్వండి. ఊపిరితిత్తులకి మంచిది" అన్నారు, స్తంభం వెనక నుంచి.

ఒకనాడు బడి గేటు ముందు జట్కా ఆపించారు. అందులో ఎక్కడానికి కాదు. గుర్రం ముందు కాలు సరిగా పడడం లేదని. జట్కావాడు చిరాకు పడ్డాడు. "నా గుర్రం సంగతి నాకు తెల్దాండీ" అన్నాడు. ఆవిడ వినిపించుకోకుండా వంగి, ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న కంకరరాయి తలపిన్నుతో తీసి వాడి చేతిలో పెట్టారు. పిన్ను పైట చెంగుకి తుడుచుకుని మళ్ళీ జడలో పెట్టుకున్నారు. మా ఇంట్లో ఈ సంగతి చెప్తే మా మామ్మ అన్నం తినడం ఆపింది.

మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. ఎంత బాగా చేసినా, "ఊఁ, ఇప్పుడు రెండోసారి" అనేవారు. అబద్ధాలు మాత్రం చక్కగా ఆడేవారు. ఆ సంగతి ముందుముందు చెప్పాలి.

నేను ఆ వయసుకే ఇంట్లో అందరికన్నా పొడుగు. "తాడిచెట్టులా ఎదుగుతోంది, దీనికి జోడు ఎక్కణ్ణించి తెస్తావురా" అని మామ్మ నాన్నని రోజూ అడిగేది. ఓణీ వేసినప్పటినుంచీ ఒకటే పోరు. ఆడపిల్ల తల వంచుకుని నడవాలి. నేను తలతో పాటు భుజాలూ, వీపూ అన్నీ వంచేశాను. పొడుగు తగ్గితే ఇంట్లో గొడవ తగ్గుతుందని నా ఆశ.

మొదటి వారంలోనే టీచరుగారు లైన్లో నా ముందు ఆగారు.

"ఎవరు వంగమన్నారు నిన్ను?"

"మా మామ్మ తల వంచుకోమందండి."

"పెద్దవాళ్ళ మాట వినాల్సిందే. వంచు."

వంచాను.

"తల వంచమన్నారు, వంచావు. నడుం ఎందుకు వంచావు? దాని సంగతి మీ మామ్మగారు ఎత్తలేదుగా."

పిల్లలంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా పక్కనే నిలబడి, తల వంచి, నడుం నిటారుగా పెట్టి, గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూపించారు. ఎంత అణకువగా ఉందో, అంత దర్జాగానూ ఉంది ఆ నడక. ఆ సాయంత్రం నేను అలాగే నడుచుకుంటూ ఇంటికొస్తే మామ్మ తేరిపార చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు ఆవిడకి.

పరిగెత్తడం దగ్గర మాత్రం దొరికింది. మా వీధిలో ఎవరో, మీ పిల్ల పరికిణీ ఎగదోపుకుని పరిగెడుతోందని, నాన్నకి చెప్పారు. నాన్న కోపిష్టి కాదు. కాని ఆ రోజు కొట్టు కట్టేసి బడికొచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని డ్రిల్లు టీచరుగారి దగ్గరికి వెళ్ళి, నేల చూపులు చూస్తూ, "అమ్మా, మా పిల్ల ఇంక డ్రిల్లుకి రాదండి. చదువు చాలు మాకు" అన్నాడు.

ఆవిడ చూపు నాన్న పాదాల దగ్గర మొదలై పైకి వచ్చింది.

"మీరు మగ్గం గుంటలో ఎన్నేళ్ళు కూర్చున్నారండి?" అన్నారు.

నాన్న తెల్లబోయాడు. "పదహారేళ్ళండి. ఎవరు చెప్పారు మీకు?"

"మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించి ఎక్కారు. పొద్దున్నే మంచం దిగడానికి కష్టంగా ఉంటుంది కదండీ? నడుం ఎడం పక్క పట్టేస్తుంది."

నాన్న చెయ్యి నడుం ఎడం పక్కకి పోయింది. ఆ నొప్పి మూలంగానే మగ్గం వదిలేశాడు. కొట్టులో బట్టల మూట ఎత్తాలంటే ఎదురు కొట్టు మనిషిని పిలవాలి. ఆ పిలవడం ఆయనకి ఎంత నామోషీయో మా అమ్మకి తెలుసు, నాకు తెలుసు.

"మీకు నేను చెప్పడం బాగుండదు. మీ అమ్మాయికి చెప్తాను. ఆ పిల్ల దగ్గర మీరు నేర్చుకోండి. రెండు నెలలు చేసి చూడండి. అప్పటికీ డ్రిల్లు దండగ అనిపిస్తే మానిపించండి. నేను అడగను" అన్నారు.

నాన్న "సరేనండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపు లోపలనించి గడియ పెట్టి, చాప పరిచి, నాన్న వెల్లకిలా పడుకున్నాడు. నేను పక్కన నిలబడి చెప్పాను. ఒక మోకాలు గుండెలకి లాక్కోవాలి. వదలాలి. రెండోది. తరవాత చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు పైకి ఎత్తాలి, దించాలి. మామ్మ తలుపు సందులోంచి చూసి, "ఈ వయసులో ఈ పిల్లి వేషాలేంట్రా నాయనా" అని లెంపలు వేసుకుంది. నాన్న నవ్వి పడిపోయాడు. నాన్న అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. అంతవరకూ మేమిద్దరం కూర్చుని పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. ఆ చాప మీద మాకు మాటలు వచ్చాయి. తను చిన్నప్పుడు మగ్గం ఎలా ఎక్కాడో, యుద్ధం వచ్చి నూలు దొరకక ఊళ్ళో నేతగాళ్ళు ఎలా అల్లాడుతున్నారో, నాన్న వీపు ఎత్తుతూ దించుతూ చెప్పేవాడు.

రెండు నెలలు కాకుండానే ఒకరోజు బట్టల మూట తనే ఎత్తి అటక మీద పెట్టాడు. ఎత్తాక ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు. డ్రిల్లు మానడం గురించి మా ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

ఇప్పుడు అబద్ధాల సంగతి. బాంబులు పడతాయని భయంతో ఊళ్ళో అన్నిచోట్లా కందకాలు తవ్వారు. మా గ్రౌండులోనూ తవ్వి, అంచులు విరిగిపడకుండా లోపల చెక్కలు కొట్టారు. విమానాలు రాలేదు. వానలొచ్చాయి. కందకాల నిండా నీళ్ళు, నీళ్ళ నిండా కప్పలు. పరిగెత్తడానికి చోటు లేదు. వాటిని పూడిపించమని టీచరుగారు అడిగి అడిగి విసిగిపోయారు. ఒకనాడు పెద్ద టీచరుగారి గదిలోకి వెళ్ళి, "ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చే నెల వస్తున్నారటండి, గ్రౌండు చూస్తారట" అని చెప్పి వచ్చారు. వారం తిరక్కుండా కందకాలు పూడిపోయాయి. మేము కూడా తట్టలతో మట్టి మోశాం. చెక్కలు కొన్ని పైకి తీశారు, కొన్ని మట్టిలోనే ఉండిపోయాయి. ఇన్‌స్పెక్ట్రెస్ గారు ఆ ఏడాది రానే లేదు.

ఆటల పోటీల్లో బూట్లున్న పిల్లలే పరుగు పందెంలో ఉండాలని అప్పుడొక నియమం పెట్టారు. కాళ్ళకి దెబ్బలు తగులుతాయని. మా నలభై మందిలో ముగ్గురికి ఉన్నాయి బూట్లు. టీచరుగారికి తెల్ల కేన్వాసు బూట్లుండేవి, వాటిని ముగ్గుపిండితో రుద్ది మెరిపించేవారు. ఆ నియమం విన్న రోజున వాటిని విప్పి, మ్యాపులు పెట్టే బీరువాలో పెట్టి తాళం వేశారు. "నేనే వట్టికాళ్ళతో నేర్పుతుంటే పిల్లలకి బూట్లెందుకండి?" అన్నారు పెద్ద టీచరుగారితో. నియమం పోయింది. ఆవిడ మళ్ళీ ఆ బూట్లు వేసుకోలేదు. "మీ అందరికీ ఉన్ననాడు తీస్తాను" అనేవారు మాతో.

మాఘమాసం. పోటీలు పదిహేను రోజుల్లోకి వచ్చాయి. చేతికర్ర అందించే రిలే పందెంలో నాది చివరి పరుగు. పొద్దున బడి మొదలవక ముందే నన్నొక్కదాన్నే పిలిచి పరిగెత్తిస్తున్నారు. ఆవిడ నా పక్కనే పరిగెత్తుతున్నారు. పాత కందకం ఉన్న చోట మట్టి మెత్తగా ఉంది. అక్కడ "అబ్బా" అని ఆగిపోయారు. చూస్తే పాదంతో పాటు చెక్కముక్క ఒకటి పైకి లేచింది. మేకు లోపలికంటా దిగింది.

నేను చెక్క పట్టుకున్నాను. ఆవిడ కాలు లాక్కున్నారు. రక్తం అట్టే రాలేదు. నాలుగు చుక్కలు. తుప్పు పట్టిన మేకు. బొటనవేలంత ఉంది. ఆవిడ పాదం నొక్కి చూసుకుని, రుమాలు కట్టుకున్నారు.

"పెద్ద టీచరుగారితో చెప్పమంటారాండీ?" అన్నాను.

"వద్దు. చెప్పావంటే గ్రౌండు మూసేస్తారు. మీ పోటీలూ ఉండవు, ఏమీ ఉండవు. ఎవరితోనూ అనకు. ఈ చెక్క తీసుకెళ్ళి ఆ పొదల్లో పడెయ్."

పడేశాను. ఎవరితోనూ అనలేదు. నాకెంతో గర్వంగా ఉండేది. ఆవిడకీ నాకూ మధ్య ఒక రహస్యం ఉందని.

ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో, వేరుశనగపప్పు నోట్లో వేసుకుని, నమలకుండా ఆగి, దవడ రాసుకున్నారు. "పట్టేసిందర్రా. మంచులో తిరుగుతున్నాను కదూ" అని పప్పంతా మాకే పంచేశారు. ఆ సాయంత్రం మెడ కూడా పట్టేసిందన్నారు. మర్నాడు బడికి రాలేదు.

ఆవిడ పరుపులు కుట్టే సాయిబుగారి ఇంట్లో అద్దెకుండేవారు. ముందు వాటా వాళ్ళది, వెనక గది ఆవిడది. సాయిబుగారు పరుపు గుడ్డ మా కొట్లోనే కొనేవారు. ఆ మధ్యాహ్నం ఆయన కొట్టుకొచ్చి, బేరం మాటే ఎత్తకుండా, "అన్నయ్యా, మీ పిల్ల టీచరమ్మని పెద్దాసుపత్రిలో వేశాం. మీరొకసారి రండి. ఆమెకి ఇక్కడ ఎవరూ లేరు" అన్నారు. నాన్న ఆయన వెంట అలాగే లేచి వెళ్ళాడు.

తిరిగొచ్చి కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"చీకటి గదిలో పెట్టారు. ఎవరూ చప్పుడు చెయ్యకూడదట. చప్పుడైతే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోతోంది."

"ఏమైందట నాన్నా?"

"ధనుర్వాతం. ఎక్కడో ఇనుం గుచ్చుకుని ఉంటుందంటున్నారు. ఎక్కడా, ఎప్పుడూ అని అడిగితే ఆవిడ చెప్పడం లేదు."

అప్పుడు చెప్పాను. మేకు, చెక్క, పొదలు, అన్నీ చెప్పాను. నాన్న నన్ను దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. నీ తప్పేం లేదమ్మా అంటాడనుకున్నాను. నాన్న రోడ్డుకేసి చూస్తూ, "చెప్పాల్సింది. నాకైనా చెప్పాల్సింది" అన్నాడు.

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు అన్నాడు. మళ్ళీ బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రోజు ఆయన నన్ను ఓదార్చి ఉంటే, ఆ ఓదార్పుని నేను నమ్మేదాన్ని కాదు. ఆ ఒక్క మాట నిజం. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ నడిచాను. నా పిల్లలు ఏ చిన్న దెబ్బ తగిలినా నా దగ్గర దాచలేదు. అలా పెంచాను.

ఆస్పత్రిలో ఇంకొకటి జరిగింది. నాన్న చాలా ఏళ్ళ తరవాత చెప్పాడు. ఒళ్ళు కాస్త వదిలినప్పుడు టీచరుగారు కళ్ళు తెరిచి, నాన్నని గుర్తుపట్టి, బిగుసుకున్న పళ్ళ సందునుంచి, "రోజూ చేస్తున్నారా?" అని అడిగారట. "చేస్తున్నానండి" అన్నాడట నాన్న. పండక్కి ఊరెళ్ళి వచ్చిన దగ్గరనుంచీ బద్ధకించి మానేశాడు నిజానికి. మళ్ళీ ఒళ్ళు బిగిసింది. నడుము మంచానికి ఆనకుండా విల్లులా పైకి లేచిపోయిందట. "మనందరి నడుములూ నిలబెట్టిన మనిషి" అని నాన్న చాప మీద అటు తిరిగి పడుకున్నాడు.

ఆస్పత్రిలో వేసిన మూడో రోజు తెల్లవారుతుండగా టీచరుగారు పోయారు.

పెద్ద టీచరుగారు ముందురోజే బడి రికార్డుల్లో వెతికి ఆవిడ అన్నగారికి తంతి కొట్టించారు. ఆయన దివిసీమలో ఏదో పల్లె నుంచి మధ్యాహ్నానికి వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. పిలక, భుజాన ఉత్తరీయం. ఆవిణ్ణి సాయిబుగారి ఇంటి ముందు పడుకోబెట్టారు. అన్నగారు గుమ్మం దగ్గర ఆగిపోయి, "ఈ ఇంట్లో ఉండేదా?" అన్నారు.

సాయిబుగారి భార్య తలుపు చాటునుంచి జవాబిచ్చింది. "ఒంటి ఆడమనిషికి ఈ ఊళ్ళో ఇంకెవరూ గది ఇవ్వలేదు బాబూ. మేం ఇచ్చాం."

ఆయన తమ వాళ్ళిద్దరు ఊళ్ళో ఉన్నారని కబురు పెట్టారు. ఎండ వాలేదాకా చూశారు. వాళ్ళు రాలేదు. వితంతువై ఉండీ మగపిల్లల్లా గంతులేసే మనిషని ఆవిడంటే వాళ్ళకి గిట్టదని, ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పాడె కట్టడం అయిపోయింది. మొయ్యడానికి అన్నగారు ఒక్కరే ఉన్నారు. బడి బంట్రోతు ముందుకొచ్చాడు. నాన్న కండువా తలకి చుట్టుకున్నాడు. సాయిబుగారు టోపీ సర్దుకుని నాన్న పక్కన నిలబడ్డారు.

అన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు. "మీరు మొయ్యకూడదండి. మా వాళ్ళే మొయ్యాలి."

"మీ వాళ్ళు రాలేదు కదండీ" అన్నాడు నాన్న.

"వస్తారు."

మేం నలభై మందిమీ వీధికి అటూ ఇటూ నిలబడి ఉన్నాం. ఎవరూ లైను కట్టమనలేదు. అలవాటు కొద్దీ కట్టాం. నాన్న అందరి ముందూ గొంతెత్తి మాట్లాడడం ఎరగడు. ఆ రోజు కూడా ఎత్తలేదు. ఆయనకి మాత్రమే వినిపించేలా అన్నాడు. నేను దగ్గర్లో ఉన్నాను గనక విన్నాను.

"అయ్యా, నేను మూట ఎత్తలేని మనిషినండి. ఈ బరువు మొయ్యగలుగుతున్నానంటే, అది ఆవిడ ఇచ్చిన నడుమండి. మీరు కాదంటే పక్కకి జరుగుతాను. మీ ఇష్టం."

అన్నగారు నాన్న మొహంలోకి చూశారు. సాయిబుగారికేసి చూశారు. చెయ్యి దించి, పాడె ముందు వైపుకి వెళ్ళి వంగారు.

నలుగురూ ఎత్తారు. నాన్న వెనక కుడి పక్క. ఎక్కడా ఆగలేదు, భుజం మార్చుకోలేదు. మేం కాలవ వంతెన దాకా వెళ్ళాం. అక్కడినుంచి ఆడపిల్లలు రాకూడదని వెనక్కి పంపేశారు. వంతెన మీద నిలబడి, వాళ్ళు కనిపించినంత సేపూ చూశాం. మా పక్కన పెద్ద టీచరుగారు కూడా ఉన్నారు. ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఉండడం అప్పుడు చూశాను. ఎందుకు విప్పారో నేను అడగలేదు.

ఆ ఏడు పోటీలు జరగలేదు. గ్రౌండంతా తవ్వించి చెక్కలు ఏరించారు.

మూడో రోజు అస్థికలు కృష్ణలో కలిపాక అన్నగారు ఊరికి వెళ్ళిపోతారని తెలిసి, నాన్న నన్ను తీసుకుని సాయిబుగారి ఇంటికి వెళ్ళాడు. అన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన చిన్న ట్రంకుపెట్టె. అందులో రెండు చీరలు, కాసిని పుస్తకాలు. వచ్చిన దగ్గరనుంచీ ఆయన కంట నీరు పెట్టలేదని వీధిలో చెప్పుకుంటున్నారు. రాతిమనిషి అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఆయన నన్ను చూసి, "నువ్వు ఆ బడి పిల్లవేనా?" అని అడిగారు.

"అవునండి."

"మా చెల్లెలు మీకేం నేర్పేదమ్మా?"

నాన్నకేసి చూస్తే, చెప్పమన్నట్టు తలాడించాడు. డ్రిల్లు అని చెప్తే సరిపోయేది. కాని ఆయన అడిగింది అది కాదు.

"చెప్పడం రాదండి. చూపిస్తాను" అన్నాను.

వాకిట్లో నిలబడ్డాను. పాదాలు జానెడు ఎడంగా పెట్టి, చేతులు రెండూ మెల్లగా పైకెత్తుతూ ఊపిరి తీసుకుని, దించుతూ వదిలాను. పది లెక్కపెట్టేదాకా అలా చేశాను. బడిలో చేరిన ప్రతి పిల్లకీ ఆవిడ మొట్టమొదట నేర్పేది అదే.

ఆయన అలాగే చూస్తూ ఉండి, "చిన్నప్పుడు జామచెట్టు ఎక్కేది. పన్నెండేళ్ళకి భర్త పోయాడు. తరవాత కూడా ఎక్కింది. నలుగురూ నవ్వుతారని నేనే కొట్టాను" అన్నారు. "మర్నాడు నా దగ్గరికొచ్చి 'అన్నయ్యా, అన్నం తిందాం రా' అంది, ఏమీ జరగనట్టు. ఇల్లు వదిలి వెళ్ళాక ఉత్తరాలు రాసేది. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు" అన్నారు.

లోపల సాయిబుగారి భార్య దారం తెంపిన చప్పుడు వినిపించింది.

ఆయన అరుగు దిగి వచ్చి, నా పక్కన నిలబడ్డారు. "నాకూ చూపించు" అన్నారు.

పాదాలు ఎలా పెట్టాలో చెప్పాను. పెట్టారు. చేతులెత్తారు, దించారు. కాని చెవుల దాకా పట్టుకున్న భుజాలు కిందికి రాలేదు. తలమీద ఏదో మూట ఉన్నవాడిలా నిలబడ్డారు. అంత పెద్దాయనకి నేను చెప్పవచ్చో లేదో నాకు తెలియలేదు. అయినా చెప్పాను.

"భుజాలు వదిలెయ్యండి."

"వదిలానుగా."

"లేదండి. ఇంకా పట్టుకునే ఉన్నారు. ఊపిరి వదులుతూ వదిలెయ్యండి. నేను లెక్కపెడతాను."

ఒకటి అన్నాను. రెండు అన్నాను. నాలుగు అనేసరికి ఆ భుజాలు రెండూ ఒక్కసారిగా కిందికి జారాయి. దాంతో పాటే ఆయన మొహం చెదిరిపోయింది. ఉత్తరీయం కళ్ళకి అడ్డం పెట్టుకోకుండా, నిలబడ్డ చోటే నిలబడి, వెక్కి వెక్కి ఏడ్చారు.

నాన్న నన్ను ఇవతలికి రమ్మని సైగ చేశాడు. నేను కదల్లేదు. లెక్క మధ్యలో ఉంది. ఐదు అన్నాను. ఆయన చేతులు మళ్ళీ పైకి లేచాయి.